శుక్లం తీశాక ఏ లెన్స్?

శుక్లం ఆపరేషన్‌లో జరిగేవి రెండు పనులు. మసకబారిన సహజ కటకాన్ని బయటికి తీయడం మొదటిది. అది ఉన్న పల్చటి సంచిలోనే కృత్రిమ లెన్స్‌ను కూర్చోబెట్టడం రెండోది. కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు. అందులో 43 దాకా కార్నియాది, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం లోపలి కటకానిది. కటకం తీసేసి ఊరుకుంటే ఆ లోటును కళ్లద్దాలే పూడ్చాలి. పాత తరం వాళ్లు ఆపరేషన్ తర్వాత పెట్టుకున్న ప్లస్ పది సోడాబుడ్డి అద్దాలు అందుకే వచ్చాయి. వాటితో వస్తువులు పావువంతు పెద్దవిగా కనిపించేవి, పక్కచూపు పోయేది, మెట్లు దిగడం గండంగా ఉండేది. ఒక కంటికే ఆపరేషన్ అయినవాళ్లకు రెండు కళ్ల బొమ్మలు కలిసేవి కావు.

కంట్లోనే లెన్స్ పెట్టే పని 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో హెరాల్డ్ రిడ్లీతో మొదలైంది. యుద్ధవిమానాల అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని తిరస్కరించకపోవడం ఆయన గమనించారు. ఆ రకం ప్లాస్టిక్‌తోనే లెన్స్ చేయించారు. లెన్స్ కంట్లో ఇమిడింది కానీ పవర్ తప్పింది. మొదటి రోగికి దాదాపు మైనస్ 18 దూరపు చూపు లోపం మిగిలింది. ఏ లెన్స్ మంచిదనే చర్చకు ఇంతకన్నా తగిన ప్రారంభం ఉండదు. కంట్లో పెట్టే వస్తువు ఎంత గొప్పదైనా కొలత తప్పితే చూపు తప్పుతుంది. డెబ్బై అయిదేళ్ల తర్వాత, ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో లెన్స్ ప్యాకేజీల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న కుటుంబానికి కూడా అసలు విషయం ఇదే.

భారతదేశంలో ఈ లెన్సులు మామూలు జనానికి అందడానికి రెండు కారణాలున్నాయి. మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రి వాళ్లు 1992లో ఆరోలాబ్ పెట్టి, దిగుమతి ధరలో చిన్న భాగానికే లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టారు. 1994 నుంచి 2002 దాకా ప్రపంచబ్యాంకు రుణంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లం అంధత్వ నివారణ పథకం నడిచింది. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. రాయ్‌పూర్ అప్పటికి మధ్యప్రదేశ్‌లోనిదే, ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబర్ 1న. ఆ దశాబ్దంలోనే ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ లెన్స్ లేని ఆపరేషన్ పోయి లెన్స్‌తో ఆపరేషన్ మామూలైంది. అయినా శుక్లం బెడద తీరలేదు. 2015–19 జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వానికి కారణాల్లో శుక్లం వాటా 66.2 శాతం.

ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఆపరేషన్ చేయించుకోవాలనుకునే వారికి దారులు చాలానే ఉన్నాయి. జనం మేకాహారా అని పిలిచే అంబేడ్కర్ ఆస్పత్రి ఉంది, టాటీబంద్‌లో ఎయిమ్స్ ఉంది, ట్రస్టు కంటి ఆస్పత్రులు, ప్రైవేటు గొలుసు ఆస్పత్రులు ఉన్నాయి. రైల్వేవాళ్లకు రైల్వే ఆస్పత్రి, భిలాయి ఉక్కు ఉద్యోగులకు సెక్టార్ 9 ఆస్పత్రి. విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం 1931లో పూర్తయ్యాక ఆ దారి వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కొన్నింటికి విశాఖ మీద గురి. అక్కడ ఎల్‌.వి.ప్రసాద్ కంటి సంస్థ శాఖ ఉంది, చుట్టాలూ ఉంటారు. వెళ్లడంలో తప్పు లేదు. అయితే ఆపరేషన్ మర్నాడు, వారానికి, నెలకు చూపించుకోవాలి. నడుమ కన్ను ఎర్రబడి నొప్పి పుడితే రాత్రంతా రైల్లో ప్రయాణించి వెళ్లే తీరిక ఉండదు. అందువల్ల అత్యవసరానికి రాయ్‌పూర్‌లో ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే అనుకోవడం ఆపరేషన్ ఏర్పాట్లలో భాగమే.

ఎక్కడ చేయించుకున్నా కుటుంబాలు మొదట అడిగే ప్రశ్న, ‘ఫారిన్ లెన్సా, ఇండియన్ లెన్సా?’ నిజానికి ఈ ప్రశ్న చివర రావాలి. ముందు తేలాల్సింది లెన్స్ పవర్.

పవర్ లెక్కకు ప్రధానంగా రెండు కొలతలు కావాలి. ఒకటి కంటి పొడవు, ముందు నుంచి వెనక రెటీనా దాకా. రెండోది కార్నియా వంపు. సాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ 1980లో ఇచ్చిన పాత సూత్రం చాలా సులువు. లెన్స్ పెట్టె మీద ఉండే ‘ఏ’ (A) స్థిరాంకంలోంచి, పొడవును రెండున్నరతో హెచ్చవేసి తీసేయాలి, వంపును 0.9తో హెచ్చవేసి తీసేయాలి. స్థిరాంకం 118.4, పొడవు 23.5 మిల్లీమీటర్లు, వంపు 44 డయాప్టర్లు అనుకుంటే 58.75, 39.6 పోగా మిగిలేది 20.05. అంటే 20 పవర్ లెన్స్. అదే కంటి పొడవును 23.1 అని కొలిస్తే లెక్క 21 చూపిస్తుంది. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ రోగి ఆపరేషన్ తర్వాత దూరానికి మైనస్ అద్దాలు పెట్టుకుని కూర్చుంటాడు. ఇప్పుడు ఈ సూత్రాన్ని అలాగే ఎవరూ వాడరు. ఎస్‌ఆర్‌కే–టీ, హాఫర్ క్యూ, బారెట్ వంటివి వచ్చాయి. మరీ పొట్టి కళ్లకు, మరీ పొడవు కళ్లకు వీటి జవాబులు వేర్వేరుగా వస్తాయి కాబట్టి మంచి వైద్యులు ఒకటికి రెండు చూసుకుంటారు. పాత సూత్రం ఇప్పటికీ పనికొచ్చేది మరొకందుకు. ఏ కొలతలో తప్పు జరిగితే ఎంత నష్టమో అది కళ్లకు కట్టిస్తుంది.

పొడవు కొలిచే పద్ధతులు రెండు. కాంతితో కొలిచే యంత్రం కంటిని తాకదు, చాలా నిక్కచ్చిగా చెబుతుంది. అల్ట్రాసౌండ్‌తో కొలిచే ఏ–స్కాన్‌లో సూదిమొనలేని కలం లాంటి పరికరాన్ని కార్నియాకు ఆనిస్తారు. చెయ్యి కాస్త గట్టిగా పడితే కార్నియా నొక్కుకుని పొడవు తక్కువ వస్తుంది. పైన చెప్పిన 23.1 కథ సరిగ్గా అలాగే జరుగుతుంది. నొక్కకుండా నీటి గిన్నె లాంటి తొడుగు పెట్టి కొలిచే ఇమ్మర్షన్ పద్ధతి మేలైనది, కానీ ఓపిక కావాలి. అయితే కాంతి యంత్రానికి ఒక హద్దుంది. శుక్లం బాగా ముదిరి తెల్లగా పండిపోతే కాంతి లోపలికి పోదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి రెండో కన్ను కూడా మూసుకుపోయే దాకా ఆగి వచ్చే వరి రైతులకు అందుకే ఏ–స్కానే గతి అవుతుంది. ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుందని అందరికీ తెలుసు. కొలత కూడా మొరటుబారుతుందని చెప్పేవాళ్లు తక్కువ.

కొలతకు ముందు కంటి పైభాగం కుదురుగా ఉండాలి. ఎండలో, దుమ్ములో పనిచేసేవారికి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ కార్నియాను ఒకవైపు లాగి వంపును మార్చేస్తుంది. అది పెద్దదైతే ముందు దాన్ని తీసి, కార్నియా స్థిరపడ్డాక కొలవాలి. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల చుట్టుపక్కల దుమ్ములో ఉండేవారికి కళ్లు పొడిబారడం మామూలే. పొడికంటి మీద తీసిన కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. చుక్కలు వాడి, మళ్లీ కొలిపించుకోవాలి. కాంటాక్ట్ లెన్స్ వాడేవారు, మెత్తనిదైతే కనీసం వారం, గట్టిదైతే అంతకన్నా ఎక్కువ రోజులు మానేసి రావాలి. వయసులో ఉండగా లేసిక్ చేయించుకున్నవారి కార్నియా వంపును మామూలు యంత్రాలు తప్పుగా చదువుతాయి. ఆ విషయం చెప్పకపోతే ఎంత పేరున్న సర్జన్ చేతిలోనైనా పవర్ తప్పుతుంది. పాత కాగితాలు దొరికితే పట్టుకెళ్లాలి.

కొలతలు వచ్చాక తేలాల్సింది, ఆ కంటికి ఎక్కడ స్పష్టంగా కనబడాలి అన్నది. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కేస్తారు. మామూలు లెన్స్ ఒక్క దూరానికే కుదురుతుంది. అలవాటుగా వైద్యులు దూరపు చూపుకే పెడతారు, దగ్గరకు చత్వారపు అద్దాలు రాస్తారు. ఎక్కువమందికి అది సరిపోతుంది. కానీ చిన్నప్పటి నుంచి మైనస్ మూడు ఉన్న మనిషి సంగతి వేరు. ఆయన జీవితమంతా అద్దాలు తీసి పక్కన పెట్టి పుస్తకం చదివినవాడు. అలాంటివాడికి దూరం బాగుచేస్తే, మొదటిసారి సెల్‌ఫోన్ చూడటానికి అద్దాలు వెతుక్కోవాల్సి వస్తుంది. ఆపరేషన్ లెక్క ప్రకారం విజయం, ఇంట్లో రోజూ తగవు. సదర్ బజార్‌లో నగల పని చేసే వ్యక్తికీ, రాత్రిళ్లు టాటీబంద్ నుంచి లారీ తోలే వ్యక్తికీ ఒకే లక్ష్యం పెట్టడం అర్థంలేనిది. మొదటివాడు రెండు కళ్లనూ కాస్త మైనస్‌లో ఉంచుకుని దూరానికి అద్దాలు పెట్టుకోవచ్చు. రెండోవాడికి దూరం, అదీ రాత్రి దూరం, ముఖ్యం.

ఇంకో మార్గం రెండు కళ్లనూ వేర్వేరుగా ఉంచడం. ఒక కన్ను దూరానికి, రెండో కన్ను ఒకటి, ఒకటింబావు మైనస్‌లో దగ్గరకు. దీన్ని మోనోవిజన్ అంటారు. మామూలు లెన్సులతోనే జరుగుతుంది, అదనపు ఖర్చు లేదు. అందరి మెదడూ దీనికి ఒప్పుకోదు కాబట్టి ముందే కాంటాక్ట్ లెన్స్‌తోనో, ట్రయల్ అద్దాలతోనో పరీక్షించుకోవాలి. ఖర్చు లేనిది కాబట్టే దీని మాట కౌన్సెలింగ్ గదుల్లో తక్కువ వినిపిస్తుందనే అనుమానం పూర్తిగా తప్పు కాకపోవచ్చు.

ఇక లెన్సుల రకాలు. ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్ ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా పెట్టే లెన్స్. కాంతి మొత్తం ఒకే బొమ్మకు చేరుతుంది కనుక మసక వెలుతురులోనూ చూపు పదునుగా ఉంటుంది.

కార్నియా అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా లేకపోతే సిలిండర్ పవర్ ఉంటుంది. శుక్లం రోగుల్లో సుమారు మూడోవంతు మందికి అది ఒక డయాప్టర్ గానీ అంతకంటే ఎక్కువగానీ ఉంటుంది. వారికి టోరిక్ లెన్స్ ఉపయోగం. అదనపు డబ్బుకు అదనపు చూపు కచ్చితంగా కనిపించే లెన్స్ ఇదే. కాకపోతే అది సరైన కోణంలో కూర్చోవాలి. ఒక్క డిగ్రీ తిరిగితే ప్రభావంలో సుమారు 3.3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఏమీ మిగలదు. మనిషి పడుకున్నప్పుడు కన్ను కొద్దిగా మెలి తిరుగుతుంది. అందుకే రోగిని కూర్చోబెట్టి ఉండగానే కార్నియా అంచున ఇంకుతో గుర్తులు పెడతారు, లేదా ఆ పని చేసే యంత్రాన్ని వాడతారు. ఏ పద్ధతిలో గుర్తు పెడతారని రోగి అడగడం అతి ప్రశ్నేమీ కాదు.

మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సుల మీద సన్నటి వలయాలు చెక్కి ఉంటాయి. అవి లోపలికి వచ్చే కాంతిని దూరానికి, దగ్గరకు, ట్రైఫోకల్ అయితే కంప్యూటర్ దూరానికీ పంచుతాయి. పంచడం వల్లే అద్దాల అవసరం తగ్గుతుంది, పంచడం వల్లే ఒక్కో బొమ్మకు అందే వెలుగూ తగ్గుతుంది. రాత్రిపూట ఎదురుగా వచ్చే బండి దీపం చుట్టూ వలయాలు కనబడతాయి. ఎంతోమంది మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినా తేలింది ఈ రెండే, అద్దాల మీద ఆధారపడటం తగ్గింది, వలయాల ఫిర్యాదు పెరిగింది. ఎక్కువమందికి కొన్ని నెలల్లో మెదడు సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు, అప్పుడు లెన్స్ మార్చాల్సి వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అసంతృప్తిగా ఉన్న రోగికి లెన్స్ వెనకున్న సంచి పొర మసకబారిందేమోనని తొందరపడి దాన్ని తెరిచే యాగ్ లేజర్ చేస్తే ఆ తర్వాత లెన్స్ మార్చడం చాలా కష్టం. కారణం తేలేదాకా లేజర్ ఆపడమే మంచిది.

మోనోఫోకల్‌కూ మల్టీఫోకల్‌కూ మధ్య రకం ఈడాఫ్ లెన్సులు. వాటితో దూరం, చేతి దూరంలోని తెర, వంటింటి పని అద్దాలు లేకుండా సాగుతాయి. మందు సీసా మీది చిన్న అక్షరాలకు మాత్రం అద్దాలు కావాలి. వీటిలోనూ వలయాలు మరీ తక్కువగా ఉండే, మోనోఫోకల్‌కు దగ్గరి రకాలు కొన్ని వచ్చాయి. రాత్రి బండి నడుపుతూ పగలు కంప్యూటర్ ముందు కూర్చునేవారికి ట్రైఫోకల్ కన్నా ఇవే నప్పుతాయి.

కంటి వెనకభాగం బాగాలేకపోతే ఈ ఖరీదైన రకాల ప్రసక్తే ఉండకూడదు. సుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, మధ్యచూపు పొర ముసలితనంతో అరిగినవారికి, ముదిరిన గ్లాకోమా ఉన్నవారికి అసలే వెలుతురు కరువు. ఉన్నదాన్ని ముక్కలు చేయడం వారికి నష్టమే. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. అదీ రెటీనా అంచుల రక్తనాళాలను పాడుచేయగలదు కాబట్టి ఆ జబ్బున్న ఇంటివారు ఆపరేషన్‌కు ముందు ఆ మాట చెప్పాలి. శుక్లం అడ్డుగా ఉండి రెటీనా కనబడకపోతే కంటి స్కానింగ్ చేయించాలి. స్కాన్‌లో రెటీనా తెగిందా లేదా తెలుస్తుంది గానీ దాని చూపు బలం తెలియదు. అలాంటి కంటికి మోనోఫోకల్ తప్ప మరొకటి పెట్టడం జూదమే.

లెన్స్ దేనితో తయారైంది అన్నది ముఖ్యమే కానీ కౌన్సెలర్లు చెప్పేంత కాదు. గట్టి పీఎంఎంఏ లెన్స్ మడవదు కాబట్టి ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు కోత కావాలి. అది కుట్టు లేని ఎస్‌ఐసీఎస్ ఆపరేషన్‌కు సరిపోతుంది. మడత లెన్స్ రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల కోతలోంచి లోపలికి పోయి విచ్చుకుంటుంది, ఫేకోకు అదే కావాలి. జనం లేజర్ ఆపరేషన్ అనుకునే ఫేకో నిజానికి అల్ట్రాసౌండ్‌తో జరిగేది. బాగా పండిన శుక్లానికి అనుభవజ్ఞుల చేతిలో ఎస్‌ఐసీఎస్ ఫలితం ఫేకోకు ఏమంత తీసిపోదు, కోత వల్ల వచ్చే సిలిండర్ మాత్రం కాస్త ఎక్కువ. మడత లెన్సుల్లో హైడ్రోఫోబిక్ ఆక్రిలిక్, హైడ్రోఫిలిక్ ఆక్రిలిక్ అని రెండు రకాలు. రెండోది చౌక, కానీ కొన్నేళ్లకు సున్నం పేరుకుని తెల్లబడిన సందర్భాలున్నాయి, ముఖ్యంగా తర్వాత కంట్లోకి గ్యాస్ ఎక్కించే ఆపరేషన్ జరిగితే. మొదటి రకంలోనే కొన్నింట మెరిసే చిన్న బుడగలు వస్తాయి, అవి చూపును అరుదుగానే ఇబ్బంది పెడతాయి. అంచు పదునుగా, చదరంగా ఉన్న లెన్స్ వెనక పొర మసకబారడాన్ని తగ్గిస్తుంది. పసుపురంగు లెన్స్ రెటీనాను కాపాడుతుందని అదనంగా వసూలు చేస్తే ఒప్పుకోనక్కర్లేదు, ఆ వాదనకు 2018 నాటి కాక్రేన్ సమీక్షలో ఆధారం దొరకలేదు. అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం ఇప్పటి దాదాపు అన్ని లెన్సుల్లోనూ ఉంటుంది.

చివరికి దేశీయమా విదేశీయమా. కంట్లో వేసే లెన్సులను కేంద్రం 2005లోనే మందుల చట్టం పరిధిలోకి తెచ్చింది. ఆరోలాబ్, చెన్నై అప్పాసామి వంటి సంస్థల మోనోఫోకల్ లెన్సులు దశాబ్దాలుగా లక్షల కళ్లలో పనిచేస్తున్నాయి. ఆల్కాన్, జాన్సన్ అండ్ జాన్సన్, జైస్ వంటి సంస్థల ప్రత్యేకత టోరిక్, ట్రైఫోకల్ డిజైన్లలో, ఏళ్ల తరబడి పోగైన సమాచారంలో కనిపిస్తుంది. మామూలు లెన్స్ చాలనుకున్న మనిషి, విదేశీదన్న ఒక్క మాటకే రెట్టింపు ఇవ్వడం దండగ.

బల్ల మీద పరిస్థితి మారవచ్చని కూడా ముందే తెలియాలి. కటకపు సంచి చిరిగితే అనుకున్న లెన్స్ పెట్టలేరు. మూడు ముక్కల లెన్స్‌ను సంచి ముందు, పవర్ అర నుంచి ఒకటి తగ్గించి పెడతారు. టోరిక్, ట్రైఫోకల్ చాలాసార్లు వదులుకోవాల్సి వస్తుంది. అలా జరిగితే కట్టిన డబ్బులో తేడా తిరిగి ఇస్తారా అన్నది ఆపరేషన్ ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఏ లెన్సూ ఆపలేని ప్రమాదం ఇన్‌ఫెక్షన్. 2011లో బాలోద్ కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్న పలువురు చూపు కోల్పోయారు. 2024 అక్టోబర్‌లో దంతెవాడ జిల్లా ఆస్పత్రిలో ఆపరేషన్ అయినవారికి ఇన్‌ఫెక్షన్ సోకి రాయ్‌పూర్ అంబేడ్కర్ ఆస్పత్రికి తరలించారు. ఇలాంటి ప్రమాదం నుంచి కళ్లను కాపాడగలిగేది థియేటర్ శుభ్రత, పరికరాల స్టెరిలైజేషన్, ఆపరేషన్ చివర కంట్లోకి ఇచ్చే యాంటీబయాటిక్. వీటి గురించి అడగడానికి మొహమాటపడే కుటుంబాలే లెన్స్ కంపెనీ పేరు మూడుసార్లు అడుగుతాయి. ఆపరేషన్ తర్వాత చూపు తగ్గుతూ, నొప్పి పెరుగుతూ ఉంటే ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఖర్చు విషయంలో ఆయుష్మాన్ కార్డు ప్యాకేజీ సాధారణంగా మోనోఫోకల్ లెన్స్ వరకే. ప్రైవేటు బీమాల్లో చాలావాటికి శుక్లం మీద రెండేళ్ల నిరీక్షణ, కంటికి ఇంతే అన్న పరిమితి ఉంటాయి. ట్రైఫోకల్ ఖర్చును అద్దాలు మానుకోవడానికి చేసినదని కొట్టేస్తుంటారు. మంజూరు ఎంతకో కాగితం చేతికొచ్చాకే లెన్స్ తేల్చుకోవడం నయం.

లెన్స్ పెట్టె మీది స్టిక్కర్‌ను డిశ్చార్జి కార్డుకు అంటిస్తారు. ఉదాహరణకు దానిపై మోడల్ పేరు, పవర్ ప్లస్ 20.0, ఆప్టిక్ వ్యాసం 6.0 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 13.0, సీరియల్ నంబర్, గడువు తేదీ, గరిష్ట ధర ఉంటాయి. బిల్లులో వేసిన లెన్సూ స్టిక్కర్ మీది లెన్సూ ఒకటో కాదో అక్కడే సరిచూసుకోవచ్చు. ఆ కార్డు పారేయకూడదు. నెల తర్వాత అద్దాల పరీక్షలో మిగిలిన పవర్ ఎంతో తేలుతుంది. అనుకున్నదానికి తేడా ఎటు, ఎంత వచ్చిందో చూసి వైద్యుడు రెండో కంటి పవర్‌ను సర్దుతాడు. రెండో కంటికి వేరే ఊళ్లో ఆపరేషన్ చేయించుకునేవారు, రాయ్‌పూర్ నుంచి విశాఖకైనా విశాఖ నుంచి రాయ్‌పూర్‌కైనా, మొదటి కంటి కొలతల కాగితం, స్టిక్కర్, నెల నాటి అద్దాల చీటీ మూడూ వెంట తీసుకెళ్లాలి.